జేజి కట్టిన ఎనిమిది గజాలు

మా ఊరి శాఖా గ్రంథాలయంలో బట్టల చరిత్ర గురించి నాలుగు పుస్తకాలున్నాయి. నాలుగూ చదివాను. వాటిలో ఒకదాన్ని మూడుసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. దాని వెనక అట్టకు అతికించిన తేదీల కాగితంలో వరసగా పడిన మూడు ముద్రలూ నావే. ఏడో తరగతితో బడి మానేసి కుట్టు మిషన్ ముందు కూర్చున్న మనిషిని. నాకు తెలిసిందంతా బస్టాండు వెనక ఉన్న ఆ రెండు గదుల్లో, సాయంత్రం పని ముగిశాక నేర్చుకున్నదే. ఈ మాట కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను.

ఆ పుస్తకాల్లో రాణులు ఏం కట్టారో ఉంది. నాట్యం చేసేవాళ్ళు ఏం కట్టారో, గుడి గోడల మీది రాతి స్త్రీల నడుముకు ఏ రకం వస్త్రం చెక్కారో ఉంది. పట్నాల్లో రవికెకు పొడుగు చేతులు ఎలా వచ్చాయో, మళ్ళీ ఎలా పోయాయో కూడా ఉంది. పొలంలో వేరుశనక్కాయలు పీకే ఆడవాళ్ళ గురించీ, మగ్గం పక్కన కూర్చుని నూలు చుట్టే ఆడవాళ్ళ గురించీ మాత్రం పుస్తకానికి ఒక్క వాక్యం ఉంది. వాళ్ళు ముతక నూలు బట్ట కట్టేవారని. అంతటితో సరి.

మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, ఆ ఒక్క వాక్యంలో బతికిన మనిషి. మా వీధిలో ఎనిమిది గజాల చీరను గోచి పెట్టి కట్టిన చివరి ఆడమనిషి ఆమే. ఆమెను ఆ చీరతో సాగనంపడానికి మా ఇంట్లో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఇప్పుడు నలుగురమే మిగిలాం. అందులో రాయగలిగేదాన్ని నేనొక్కదాన్నే. అందుకే రాస్తున్నాను.

కర్నూలుకు పడమటగా ఉన్న నేతగాళ్ళ ఊరు మాది. నేను పుట్టిన వీధిలోనే నాకు మిషనుంది. పెళ్ళయి నాలుగు ఇళ్ళ అవతలికే వచ్చాను కాబట్టి పుట్టింటి గడప ఏనాడూ దూరం కాలేదు. జేజి ఆ గడప పక్కనే అరుగు మీద రాట్నం పెట్టుకుని మగ్గానికి నూలు కండెలు చుట్టేది. నేరేడు పండు రంగు చీర, పసుపు కొంగు, ముందు ముడి వేసుకునే రవికె. హుక్కులు లేవు, లోపల పావడ లేదు. పావడను ఆమె ‘లోపలి సంచి’ అనేది. రవికె కొలతలు ఇవ్వడానికి నా దగ్గరకు వచ్చే ఆడపిల్లలను ఆపి, “ఏం పాపా, ఆ సంచిలో ఏమి దాచిపెట్టినారు? జొన్నలా?” అని అడిగేది.

నా బల్ల మీదకు ఏం వచ్చాయో నేను చెప్పగలను. మొదట్లో మోచేతి దాకా చేతులున్న రవికెలు. తరువాత బుట్టచేతులు. ఆ తరువాత చేతులు పొట్టివై, వీపు కిందికి దిగి, వీపు మీద తాళ్ళు వచ్చాయి. మధ్యలో పంజాబీ డ్రస్సులు వచ్చి, పెళ్ళికాని పిల్లల చీరలన్నీ పెట్టెల్లోకి పోయాయి. నైటీ వచ్చిన కొత్తలో ఇంట్లోనే వేసుకునేవారు. కొన్నాళ్ళకు భుజం మీద తువ్వాలు కప్పుకుని పాలకు వచ్చారు, ఇప్పుడు నైటీతోనే బ్యాంకుకు కూడా పోతున్నారు. ఈమధ్య పెళ్ళి రవికెకు అద్దాలు, పూసలు కుట్టించే పనికి చీర నేయడం కన్నా ఎక్కువ రోజులు పడుతోంది. ఇవన్నీ నేను కుట్టినవే, కాబట్టి నాకు వేటి మీదా కోపం లేదు. ఇన్ని మారుతున్నా జేజి నడుము దగ్గర ఏమీ మారలేదు.

ఒకసారి ఆమెను ఆత్మకూరు మీదుగా శ్రీశైలం తీసుకుపోయాను. దర్శనమయ్యాక ప్రాకారం గోడ చుట్టూ తిప్పి రాతి బొమ్మలు చూపించాను. పుస్తకంలో చదివినవి నా కళ్ళతో చూడాలన్నది నా కోరిక. జేజి ఒక బొమ్మ ముందు ఆగి, వేలితో రాతి నడుమును తడిమింది.

“ఈయమ్మను సూడు పాపా, గోసి ఎంత గట్టిగా దోపిందో. నీ మాదిరి లోపలి సంచి ఏసుకోలే.”

“ఇవి శానా పాతవి జేజీ. వందల ఏండ్లవి. ఈళ్ళకు రవికెలే ఉండ్లేదు, తెలుసా?” అన్నాను, తెలిసినదాన్ని గదా.

“ల్యాకపోతే ఏమి? రాయికి సలి పెడతాదా?” అని ముందుకు నడిచింది.

ఆ మెట్ల మీద ఆమె నడక నాకిప్పటికీ కనబడుతుంది. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకోవాల్సిన పని లేదు. పెద్ద పెద్ద అడుగులు. వెనక నేను పావడ కాళ్ళకు తట్టుకుంటుంటే, చీర ఎత్తుకుంటూ ఆయాసపడుతున్నాను.

ఆ మరుసటి ఏడు వీధి చివరింట్లో జేజి జోడు మనిషి పోయింది. ఇద్దరూ ఒకే ఏడు ఈ వీధికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. ఆమె కూడా జీవితమంతా గోచి కట్టే బతికింది. శవానికి స్నానం చేయించి కోడళ్ళు తమకు తెలిసినట్టు పావడ కట్టి, ఆరు గజాల పాలిస్టర్ చీర చుట్టి, భుజం దగ్గర పిన్ను పెట్టారు. వాళ్ళ తప్పు లేదు, వాళ్ళకు వచ్చింది అదే. జేజి చూసి వచ్చి రాట్నం ముందు కూర్చుంది కానీ చక్రం తిప్పలేదు.

“అది ఎవరో నాకు తెలీలే పాపా,” అంది. “మొగం సూస్తే అదే. మెడకాడ్నుంచి కిందికి ఎవురో పరాయి మనిషి.”

ఆగిన చక్రం మీద చెయ్యి పెట్టింది.

“నన్ను అట్ల పంపొద్దండి. ఊరంతా సూస్తాది ఆ పొద్దు. నేను నా మాదిరిగా పోవల్ల. దానికి ఎనిమిది గజాల సీర గావల్ల, అది కట్టేటి మనిషి గావల్ల. నాకిప్పుడు రెండూ ల్యావు.”

నిజమే. ఆమెకు మిగిలినవి రెండు చీరలు. ఒకటి మడతల వెంబడి చినిగి తువ్వాళ్ళయింది. రెండోదానికి పదకొండు చోట్ల నేనే మాసికలు వేశాను. కట్టే మనిషి సంగతికొస్తే, మా అమ్మకు రాదు. అమ్మ కోడలిగా వచ్చేనాటికే ఆరు గజాలూ పావడా వచ్చేశాయి.

“రెండూ నేను చూస్తా జేజీ,” అన్నాను. అన్నాక గానీ ఎంత పెద్ద మాట ఇచ్చానో తెలియలేదు.

కర్నూలులో ఆరు అంగళ్ళు తిరిగాను. ఒక అంగట్లో చీరలు పరిచే అబ్బాయి, “తొమ్మిది గజాల పట్టు ఉండాది అక్కా, మడి కట్టుకునేటోళ్ళకు. ఎనిమిది గజాల నూలంటే మ్యూజియంలో అడగాల,” అని నవ్వాడు. బట్టలకు దారాలు కొనడానికి కడపకు పోయినప్పుడు అక్కడా అడిగాను. అక్కడి ముసలి సావుకారు నవ్వలేదు. “మా నాయన కాలంలో మోపులు మోపులు అమ్మినామమ్మా. ఇప్పుడు అడిగేటోళ్ళు ల్యారు. అడిగేటోళ్ళు లేరని నేసేటోళ్ళు ల్యారు,” అని నాకు మంచినీళ్ళు ఇప్పించి పంపాడు.

ఇంటికొచ్చి చెబితే మా నాయన నులకమంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులకు అప్పటికి చాలా నెలలుగా మగ్గం ఎక్కడం మానేశాడు. మాది గుంత మగ్గం. కాళ్ళు గుంతలో పెట్టి పొద్దస్తమానం తొక్కాలి.

“ఊర్లు తిరిగేదేమి? మగ్గం ఇంట్లోనే ఉండాది గదా,” అన్నాడు.

“మగ్గం ఉండాది. మోకాళ్ళు ఉండాయా?” అంది అమ్మ.

“మాయమ్మ సీరకు ఉంటాయిలే.”

పడుగు తయారు చేయడం ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. పొడుగు పోగులన్నీ తెల్లవారకముందే వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోపల ఆరబెట్టి చుట్టాలి. దానికి రెండు వైపులా మనుషులు నిలబడాలి. ఒకప్పుడు ఇంటికిద్దరు వచ్చేవారు. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్ళే తక్కువ. నేను ముందు రోజు ఇంటింటికీ పోయి చెప్పాను. జేజి చీర అనగానే వచ్చారు. నడుం వంగిన ముసలివాళ్ళు వచ్చారు. లెగ్గింగులు వేసుకున్న కాలేజీ పిల్లలు వచ్చారు. మా పక్కింటి ఖాలా, అంటే వాళ్ళ మాటలో పిన్నమ్మ, గాజులు అమ్మే ఆమె, చంకలో మనవడిని ఎత్తుకుని ఒక చేత్తోనే పోగులు పట్టుకుంది. మా నాయన చేతులు జోడించి అందరినీ చూశాడు. “ఇంగోసారి ఈళ్ళను పిలవలేను పాపా,” అన్నాడు నాతో.

నేత మొదలైంది. కొలత తప్పకుండా నేతగాళ్ళకు ఒక పద్ధతుంది. నేసిన బట్ట ఎప్పటికప్పుడు ముందున్న గుండ్రటి దండెకు చుట్టుకుపోతుంది కాబట్టి, ఒక్కో గజం పూర్తి కాగానే అంచు పక్కన చిన్న ఎర్రదారం ముక్క పెడతారు. ఆరు గజాల చీరకు అయిదు ఎర్రదారాలు పడగానే కొంగు మొదలుపెట్టాలి. ఎనిమిది గజాలకైతే ఏడు పడాలి. ఈ లెక్క మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

నేను మధ్యాహ్నాలు పోయి మగ్గం పక్కన కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోవడం ఎందుకని పుస్తకం చదివి వినిపించేదాన్ని. ఇక్కడే నా తప్పు మొదలైంది. ఏ కాలంలో ఏ బట్ట కట్టారో, ఏ రంగు ఏ వేరు నుంచి తీశారో, నాకు తెలిసినదంతా మా నాయనకు తెలియాలని నా ఆరాటం. ఆయన బడికి పోలేదు. వింటూ, అడ్డపోగు తోసే నాడె విసురుతూ, “ఊఁ, తర్వాత?” అనేవాడు. ఆ మాట కోసమే నేను ఇంకా గట్టిగా చదివేదాన్ని.

ఒకరోజు లేపాక్షి గుడి లోకప్పు మీద రంగులతో వేసిన బొమ్మల పేజీ వచ్చింది. వరసగా నిలబడిన ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చీరకు ఒక్కో అంచు. ఆయన కళ్ళు అటు తిరిగాయి.

“ఆ మూడో ఆయమ్మ సీర సూపీ. ఇట్ల పట్టుకో, ఎలుతురుకు.”

పట్టుకున్నాను. చేతులు నేస్తూనే ఉన్నాయి. కళ్ళు బొమ్మ మీదున్నాయి.

“ఇది మూడు నాడెల అంచు పాపా. నడిమి బట్టకు ఒగటి, అంచులకు రెండు. ఈ బొమ్మ ఏసినోడు ఊహించి ఏసింది గాదు. ఎవురి మగ్గం ముందరో కూసోని సూసి ఏసినాడు.”

నాలుగు పుస్తకాల్లో ఎక్కడా లేని మాట అది. ఆ బొమ్మనూ ఈ బొమ్మనూ చూపిస్తూ, అడుగుతూ, ఎంతసేపు గడిచిందో తెలియలేదు.

జేజి ఒడినిండా కండెలు వేసుకుని లోపలికి వచ్చింది. గడప దాటి నిలబడిపోయింది.

“ఏమప్పా, పసుపు నాడె చేతిలో ఉండాది? కొంగుకు అప్పుడే వచ్చినావా?”

మా నాయన చెయ్యి గాలిలో ఆగింది. పుస్తకం మూశాను. ఆయన వంగి, దండెకు చుట్టుకున్న బట్ట అంచును వేళ్ళతో తడుముతూ ఎర్రదారాలు ఎంచాడు. మళ్ళీ ఎంచాడు. అయిదే ఉన్నాయి. దాని పైన ముప్పావు గజం పసుపు కొంగు నేసి ఉంది.

“చెయ్యి దానంతట అదే పోయిందమ్మా,” అన్నాడు, చిన్నపిల్లవాడిలాగా.

విప్పడానికి కుదరదు. గంజి పట్టిన పడుగు పోగు నేతను బిగించే పన్నె దెబ్బను ఒకసారే ఓర్చుకుంటుంది. అంత మేర నేసింది లాగితే పోగులు నలిగి తెగిపోతాయి. ఇంకో పడుగు వేయాలంటే మళ్ళీ అన్ని చేతులను అడగాలి, మళ్ళీ ఆ మోకాళ్ళు కావాలి. ఆ మధ్యాహ్నం మా నాయన అన్నం తినలేదు.

“నేను సదవకుండా ఉండింటే…” అన్నాను.

“నువ్వు సదివినదాంట్లో తప్పేముండాది? నలభై ఏండ్లు ఆరు గజాలే నేసిన చెయ్యి ఇది. దానికి ఎనిమిది మర్సిపోయింది.”

చీరలు పొట్టివైపోయాయని పుస్తకంలో చదివినప్పుడు అది ఎవరో ఎక్కడో నిర్ణయించిన సంగతిలాగా అనిపించేది. అది మా నాయన మణికట్టులో కూడా జరిగిందని ఆరోజు అర్థమైంది.

కొంగు ముగించినా పడుగులో ఇంకా రెండు గజాల పోగు మిగులుతుంది. జేజి మగ్గం పక్కన కూర్చుని దాన్నే చూస్తూ, “కొంగు ముగించు. మిగిలింది ఉత్త బట్టగా నెయ్యి. పాప అతుకుతాది,” అంది.

మా అమ్మకు కోపం వచ్చింది. అది జేజి మీద కోపం కాదు. “పోయే మనిషికి అతుకుల సీరా అత్తా? అట్ల కట్టగూడదంటారు. రేపు వీధోళ్ళు నన్ను అనరా, కోడలికి ఒక నిండు సీర దొరకలేదా అని?”

“నా పెండ్లి సీర గూడా అతుకేనే.”

ముగ్గురం ఆమె వైపు తిరిగాం.

“నూలు కూపన్ల మీద ఇస్తాండిన కాలం. మా నాయనకు ఇచ్చింది అయిదు గజాలకే సరిపాయ. మా సిన్నాయన ఇంట్ల మిగిలిన నూలు తెచ్చి మూడు గజాలు ఏరేగా నేసినారు. మాయమ్మ తలుపేసుకోని రెండూ కలిపి కుట్టింది. ఆ అతుకు లోపలి సుట్టులోకి పోతాది. ఎవురికి కనపడతాది? పెండ్లిపీటల మీద కూసున్యా, మూడేండ్లు కట్టుకున్యా. నన్ను సేసుకున్న మీ జేజినాయనకు గూడా సచ్చేదాకా తెలీదు.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. “ఇన్నేండ్లూ సెప్పలేదేమత్తా?”

“మీరు అడిగినారా?”

రెండు గజాలూ నేశాక చీర దించాం. బజారు దారం వద్దంది జేజి. పడుగు చివర మిగిలిన పోగునే సూదికి ఎక్కించమంది. మిషన్ కూడా వద్దంది. చీర మొదటి కొననూ రెండు గజాల ముక్క కొననూ ఒకదానిలో ఒకటి మడిచి, చేత్తో రెండు వరసలు కుట్టాను. రెండున్నర మూరల వెడల్పుకు ఒక పూటంతా పట్టింది. అన్నేళ్ళ నా కుట్టుపనిలో నేను అంత భయంగా కుట్టింది లేదు. జేజి దాని మీద బొటనవేలు రాసి చూసి, “దిట్టంగా ఉండాది. తగల్లేదు,” అంది.

ఇక కట్టడం నేర్చుకోవాలి. మధ్య గదిలో తలుపు వేసుకుని నాకే కట్టించుకున్నాను. అతుకు ఉన్న కొనతో మొదలుపెట్టి నడుముకు ఒక చుట్టు. ఎడమ పక్కన ముడి. ముందు కుచ్చిళ్ళు పోసి, వాటి అడుగు అంచును కాళ్ళ మధ్యగా వెనక్కి తీసి, నడుము దగ్గర మడిచి దోపడం. మిగిలిన చీర ఇంకో చుట్టు తిరిగి పైటగా భుజం మీదికి. రాస్తే అయిదు వాక్యాలు. కట్టబోతే మూడు రోజులు జారిపోయింది.

“నాలుగు బుక్కులు సదివితివి గదా టైలరమ్మా, దాంట్ల ఈ ముడి ల్యాదా?”

“బొమ్మ ఉండాది జేజీ. ముడి కనపడదు.”

“ఆ బొమ్మను ఎనక్కి తిరగమను, కనపడతాది.”

నాలుగో రోజు నిలిచింది. జేజి నా నడుము మీద చెయ్యి వేసి ఒకసారి ఊపి చూసి, “నడువు,” అంది. నడిచాను. మగ్గం గుంతను ఒక్క అంగలో దాటాను. అంత పెద్ద అడుగు చీరలో వేయొచ్చని నాకు అంతవరకూ తెలియదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. జేజి చాప పరిచి దాని మీద వెల్లకిలా పడుకుంది.

“ఇప్పుడు నేను సచ్చినాననుకో.”

“జేజీ, ఊరుకో.”

“నిలబడిన మనిషికి కట్టేది ఏరే, పండుకున్న మనిషికి కట్టేది ఏరే. ఆ పొద్దు నేను లేసి నిలబడతానా నీ కోసరం?”

అరుగు మీద గాజులు సర్దుకుంటున్న ఖాలా ఆ మాట విని, తలుపు తోసుకుని వచ్చి చెంపలు వేసుకుంది. “యా అల్లా! పెద్దమ్మా, మౌత్‌తో, సావుతో ఆటలాడతారా?”

“ఆటలు గాదమ్మా, ట్రైనింగు. నువ్వు గూడా రా. భుజాలు పట్టుకో, పాపకు రెండు చేతులు సాలవు.”

ఖాలా వచ్చి భుజాలు పట్టుకుంది. జేజిని ఒక పక్కకు ఒరిగించి చీర కిందికి తోసి, మళ్ళీ ఇంకో పక్కకు ఒరిగించి అటునుంచి లాగాలి. ఆమె ఒళ్ళు తేలికగా ఉంది. నేను మెల్లగా లాగుతుంటే, “గట్టిగా లాగు. సచ్చినోళ్ళు కడుపు లోపలికి పీల్సరు,” అంది. ఖాలా నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. నేనూ నవ్వాను. జేజి మాత్రం కళ్ళు మూసుకుని, నోరు బిగించుకుని, నిజంగా పోయిన మనిషిలాగే పడుకుంది. కుచ్చిళ్ళు పోశాను. దోపాను. ఆమె పలకలేదు. పైట తెచ్చి భుజం మీద వేశాను. అప్పటికీ పలకలేదు.

“జేజీ!”

ఒక కన్ను తెరిచింది. “ముడి కుడిపక్క ఏసినావు. ఎడమకు అని సెప్దామనుకుంటి. సచ్చినోళ్ళు మాట్లాడరు గదా అని ఊరకుంటి.”

అట్లా నాలుగుసార్లు చనిపోయింది నా చేతుల్లో. నాలుగోసారి లేచి కూర్చుని, ఏమీ తప్పు పట్టకుండా, నీళ్ళు అడిగింది.

ఆ చీరను వేపాకు వేసి పెట్టెలో పెట్టాం. ఒక్కసారి మాత్రం తీయించింది. కొత్త బట్ట గరుగ్గా ఉంటుంది, ఒంటికి కొంచెం తెలియాలంది. కట్టుకుని ఎక్కడికి పోదామంటే గుడికి కాదు, “నువ్వు రోజూ పోతాండావే, ఆ బుక్కుల కాడికి,” అంది. తీసుకుపోయాను. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే అయ్యవారు లేచి తన కుర్చీ ఇచ్చాడు. పేపరు చదువుతున్న మగవాళ్ళు తలెత్తి చూశారు. ఆమె ఎవరినీ పట్టించుకోకుండా గోచి సర్దుకుని కూర్చుని, “నేను యాడుండా దీంట్ల?” అని అడిగింది.

పుస్తకం తెరిచి ఆ వాక్యం చూపించాను. ఆమెకు చదువు రాదు. వేలు పెట్టి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా గీత గీసినట్టు జరిపింది. వేలు ఒక్క క్షణంలో చివరికి వచ్చేసింది.

“ఇంతేనా?” అంది.

అయ్యవారు తల దించుకున్నాడు.

ఆ తరువాత రెండు వేసవులు బతికింది. ఒక ఉదయం కాఫీ తాగి, రాట్నం ముందు కూర్చుని, గోడకు ఒరిగిపోయింది. నేను పరుగున వచ్చేసరికి చేతిలో సగం చుట్టిన కండె ఉంది.

వీధి ఆడవాళ్ళు స్నానం చేయించారు. ఎవరో అలవాటుగా పావడా ఆరు గజాల చీరా తెచ్చి పక్కన పెట్టారు. అమ్మ వాటిని తీసి వాళ్ళ చేతికిచ్చి, “మాయత్తకు ఆయమ్మ సీర ఉండాది,” అని పెట్టె తెరిచింది. ఖాలాను నేను పిలవలేదు. తనంతట తానే వచ్చి తల దగ్గర కూర్చుని భుజాలు పట్టుకుంది. ఈసారి ఇద్దరమూ నవ్వలేదు.

అతుకు ఉన్న కొన లోపలికి. ఒక చుట్టు. ముడి ఎడమకు. కుచ్చిళ్ళు పోసి, వెనక్కి తీసి దోపేచోట నా చేతులు ఆగిపోయాయి. గట్టిగా లాగు అని ఆమె అంటుందని చూశాను. ఖాలా నా మొగం చూసి, “లాగమ్మా,” అంది మెల్లగా. లాగాను. నిలిచింది.

బయట పడుకోబెట్టాక వీధిలోని ముసలామె ఒకావిడ దగ్గరికి వచ్చి, వంగి చాలాసేపు చూసింది. “ఆయమ్మే. అచ్చం ఆయమ్మే,” అని పక్కవాళ్ళకు చెప్పింది. మా నాయన కర్ర పట్టుకుని వచ్చి, తాను నేసిన పసుపు కొంగు కొనను రెండు వేళ్ళతో తాకి, పక్కకు పోయి నిలబడ్డాడు. అతుకు ఎవరికీ కనబడలేదు.

రాసినదాన్ని మా నాయనకు చదివి వినిపించాను. పేర్లు వేయొద్దన్నాడు, ఒకరిని మరిచిపోతే బాధపడతారని. అందుకే వరసలతోనే దండం పెడుతున్నాను. తెల్లవారకముందే లేచి వీధిలో పడుగు పట్టిన వాళ్ళకు, వాళ్ళతో వచ్చిన కాలేజీ పిల్లలకు. మంచినీళ్ళు ఇచ్చిన కడప సావుకారుకు. కుర్చీ ఇచ్చిన గ్రంథాలయం అయ్యవారికి; ఈ కాగితాలు ఆ నాలుగు పుస్తకాల పక్కన పెట్టుకుంటానని ఆయన ఒప్పుకున్నాడు. నేర్చుకునేటప్పుడూ, ఆ చివరి రోజూ భుజాలు పట్టిన ఖాలాకు. పెట్టె తెరిచిన అమ్మకు. మోకాళ్ళు లేకుండానే మగ్గం ఎక్కిన నాయనకు.

జేజి వాళ్ళమ్మకు కూడా. ఆమె పేరు వేద్దామన్నా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. జేజి ఉన్నప్పుడు అడగాలని నాకు తోచలేదు. అతుకు ఎటు వైపు పోవాలో జేజి నోట మాకు చెప్పింది ఆ తల్లే.